గబగబా మింగే పిల్లి

గిన్నె కింద పెట్టీ పెట్టగానే ఖాళీ చేసి, కాసేపటికే ఆ పొడి తిండి గింజల్ని నమలకుండా మింగినవి మింగినట్టే కక్కేసే పిల్లి మీ ఇంట్లో ఉందా? దాన్ని కసురుకోకండి. పిల్లికి ఉండేవి 30 పళ్లు. అవి మాంసాన్ని కత్తిరించడానికే గానీ, మనలా నమిలి పిండి చేయడానికి కాదు. పైగా పక్కన మరో పిల్లి ఉంటే తన వాటా పోతుందేమోనని భయం. అందుకే ముందు గిన్నెలు వేరు చేయండి, వీలైతే గదులు కూడా.

వేగం తగ్గించడానికి నాకు బాగా నచ్చినది మన ఇడ్లీ ప్లేటు. పాతదొకటి పిల్లి కోసమే పక్కన పెట్టేయండి. ఒక్కో గుంటలో నాలుగేసి గింజలు వేస్తే, గుంట గుంటకీ మూతి తిప్పుకుంటూ తినక తప్పదు. అంచులు కోసుకునేలా లేవని మాత్రం చేత్తో తడిమి చూడండి. మెత్తటి తిండైతే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిస్తే సరి.

రోజుకి పెట్టే మొత్తం మార్చకుండా దాన్నే నాలుగైదు సార్లుగా పంచండి. వేటాడుకునే పిల్లి తినేదీ అలాగే, ఇప్పుడో ఎలుక, ఇంకాసేపటికి మరొకటి.

అయితే ఎంత తిన్నా చిక్కిపోతుంటే అది తొందరపాటు కాకపోవచ్చు. పిల్లకూనల్లో నులిపురుగులు, వయసు మళ్లిన పిల్లుల్లో థైరాయిడ్ జబ్బో మధుమేహమో ఆ ఆకలికి కారణం కావచ్చు. నెమ్మదిగా తిన్నా వాంతులు ఆగకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించండి.