కొండ ఎక్కినవారు, మూట మోసినవారు
(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



కొండల గురించి మాట్లాడతానంటే మీరు సీనాయి గురించో కర్మెలు గురించో అనుకుంటారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో ఉన్న కిలిమంజారో గురించి. ధర్మకార్యం కోసం ఆ కొండ ఎక్కే యూదు స్త్రీల గురించి.

యూదులు అనగానే మనకు అబ్రాహాము, రూతు, మరియ గుర్తొస్తారు. లేకపోతే టీవీలో యుద్ధవార్తలు గుర్తొస్తాయి. ఈ రెంటికీ మధ్య ఉద్యోగాలకు వెళ్ళే, పిల్లల ఫీజులు కట్టుకునే, జబ్బులతో పోరాడే మామూలు యూదులు ఉన్నారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదుల చిన్న సమాజం కూడా ఉంది. కాబట్టి వారిని బైబిలు పేజీల్లోనే ఉంచేయకుండా, ఈ రోజు బతుకుతున్న మనుషులుగా చూద్దాం.

బ్రిటన్, అమెరికా, ఇజ్రాయెల్ వంటి దేశాల్లో యూదు స్త్రీలు కొందరు బృందంగా కూడి కిలిమంజారో ఎక్కుతుంటారు. వారు కొండలెక్కడం వృత్తిగా ఉన్నవాళ్ళు కారు. టీచర్లు, నర్సులు, ఇల్లు చూసుకునే తల్లులు, కొన్నిసార్లు అమ్మమ్మలు కూడా. నెలల తరబడి నడక సాధన చేస్తారు. తెలిసినవాళ్ళందరినీ అడుగుతారు: "నేను ఈ కొండ ఎక్కుతాను, మీరు ఫలానా పనికి ఇంత ఇవ్వండి." క్యాన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాలకో, ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీల ఆశ్రయానికో, రొమ్ము క్యాన్సర్ సేవకో ఆ డబ్బు వెళ్తుంది.

"ఆ ప్రయాణం ఖర్చేదో నేరుగా ఇచ్చేయొచ్చు కదా, కొండ ఎందుకు?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. దానికి జవాబు రొమ్ము క్యాన్సర్ విషయంలో బాగా కనిపిస్తుంది. తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో ప్రతి 40 మందిలో ఒకరికి, ఈ జబ్బు ముప్పును బాగా పెంచే ఒక జన్యులోపం ఉంటుంది. మిగతా జనంలో కంటే ఇది చాలా ఎక్కువ. అయినా సంప్రదాయ కుటుంబాల్లో చాలామంది బయటికి చెప్పరు. ఆడపిల్లలకు సంబంధాలు రావేమోనని భయం. అమెరికాలో రోషెల్ షోరెట్జ్ అనే యూదు న్యాయవాదికి 28 ఏళ్ళకే ఈ జబ్బు వచ్చింది. ఆమె 2001లో షర్షెరెట్ అనే సంస్థ పెట్టింది. హీబ్రూలో ఆ మాటకు గొలుసు అని అర్థం. జబ్బుపడిన ఒక స్త్రీని అదే దారిలో నడిచిన ఇంకో స్త్రీతో కలపడం ఆ సంస్థ పని. 2015లో, 42 ఏళ్ళకు, రోషెల్ కన్నుమూసింది. ఆ గొలుసు మాత్రం తెగలేదు.

నోరు విప్పడానికి భయపడే చోట, "మా అమ్మకు వచ్చింది, అందుకే ఎక్కుతున్నాను" అని ఒకామె ధైర్యంగా చెబితే పది ఇళ్ళల్లో మాట మొదలవుతుంది. కొండ ఎక్కడంలో డబ్బు సగం పనే. మిగతా సగం ఈ మాట.

ఇక కొండ సంగతి. ఊటీ దగ్గర దొడ్డబెట్ట చూసినవాళ్ళు మీలో ఉంటారు. దాని ఎత్తు 2,637 మీటర్లు. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. పైన గాలిలో అందే ప్రాణవాయువు సముద్రం ఒడ్డున అందేదాంట్లో సగమే. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలు. ఆరు నుంచి ఎనిమిది రోజుల నడక. చివరి రాత్రి గడ్డకట్టే చలిలో, నుదుటికి కట్టుకున్న దీపం వెలుగులో అర్ధరాత్రి బయలుదేరి, తెల్లవారేసరికి శిఖరం చేరతారు. దారి చూపేవాళ్ళు స్వాహిలీలో "పోలే పోలే" అంటూనే ఉంటారు. మెల్లగా, మెల్లగా అని. శిఖరం పేరు ఉహురు. అంటే స్వాతంత్ర్యం. జర్మన్ పాలనలో ఆ శిఖరానికి వారి చక్రవర్తి పేరు ఉండేది. 1961లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ ప్రజలు తమ జెండాను, దివిటీని పైకి తీసుకువెళ్ళి ఈ పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు మనం అసలు సంగతికి వచ్చాం. ఈ స్త్రీలు వీపున మోసేది ఒక చిన్న సంచి: నీళ్ళు, చలికోటు, కాస్త తిండి. మరి గుడారాలు, బియ్యం, వంటపాత్రలు, పరుపులు ఎవరు మోస్తారు? ఎక్కే ఒక్కొక్కరికి సుమారు ముగ్గురు మోతగాళ్ళు ఉంటారు. చాలామంది ఆ కొండ కింది ఊళ్ళవాళ్ళే. మనకంటే ముందు బయలుదేరి, తలమీద మూటతో మనల్ని దాటి వెళ్ళి, మనం చేరేసరికి గుడారం వేసి వేడినీళ్ళు పెడతారు. ఒక మోతగాడి మీద 20 కిలోలకు మించి పెట్టకూడదని అక్కడ నియమం ఉంది. గేటు దగ్గర తూకం కూడా వేస్తారు. అయినా ఎక్కువ మోయించేవాళ్ళు, కూలి ఎగ్గొట్టేవాళ్ళు, చిరిగిన బూట్లతో మంచులోకి పంపేవాళ్ళు ఉన్నారు. యాత్ర చివరి రోజు ఇచ్చే బక్షీసు మధ్యలోనే మాయమయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఈ అన్యాయం చూసి, మోతగాళ్ళకు ఉచితంగా చలిబట్టలు అరువిచ్చే, కూలి సరిగా అందుతోందో లేదో చూసే సంస్థ కూడా అక్కడ పుట్టింది.

ఆలోచించండి. క్యాన్సర్ పిల్లల కోసం కొండ ఎక్కుతూ, మన మూట మోసినవాడి పిల్లలను ఆకలితో ఉంచితే దాన్ని ఏమంటాం?

యూదుల భాషలో దానానికి వాడే మాట త్సెదాకా. అది న్యాయం, నీతి అనే అర్థమున్న మూలం నుంచి పుట్టింది. ఇవ్వడం వారికి దయ కాదు, బాకీ తీర్చడం. మనకిది కొత్త కాదు. వీధిలో "ధర్మం చెయ్యండి బాబూ" అని చెయ్యి చాపేవాళ్ళు అనే మాట, పంచాయతీలో "ధర్మంగా మాట్లాడు" అని పెద్దలు అనే మాట ఒక్కటే. మన తెలుగులోనూ దానం, న్యాయం ఒకే మాటలో ఉన్నాయి. వాటిని మనమే విడదీశాం. ఆదివారం కానుక సంచిలో వేసేది ఒక ధర్మం, సోమవారం పనిమనిషికి ఇచ్చే జీతం వేరే సంగతి అన్నట్టు బతుకుతున్నాం.

మోషే ధర్మశాస్త్రం అలా విడదీయలేదు. బీదవాడైన కూలివాడికి సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. విశ్రాంతి దినం యజమానికి మాత్రమే కాదు, దాసుడికి, పరదేశికి, పశువుకు కూడా అని ఆజ్ఞ. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పాడు. ముఖం చిట్లించి ఇవ్వడం అన్నిటికంటే కింది మెట్టు. ఒక మనిషి మళ్ళీ చెయ్యి చాపక్కర్లేకుండా పనో, అప్పో, భాగస్వామ్యమో ఇచ్చి నిలబెట్టడం అన్నిటికంటే పై మెట్టు. కాబట్టి ఏ సంస్థతో వెళ్తున్నాం, మోతగాడికి రోజుకు ఎంత ముడుతుంది, రాత్రి ఎక్కడ పడుకుంటాడు అని బయలుదేరే ముందే అడిగే స్త్రీ, శిఖరానికి చేరకపోయినా పై మెట్టు మీద ఉన్నట్టే.

రెఫీదీములో యుద్ధం రోజున మోషే కొండమీద చేతులెత్తి నిలబడ్డాడు. చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోపక్క పట్టుకున్నారు. మోషే పేరు అందరికీ తెలుసు. హూరు పేరు మనలో ఎంతమందికి గుర్తుంది? ప్రతి ఫోటో వెనుక ఒక హూరు ఉంటాడు.

మనం హూరుల మనవలం. కోలార్ బంగారు గనుల్లో దిగినవాళ్ళు, బొంబాయి కట్టడాల్లో రాళ్ళు మోసిన కామాఠీలు మన తెలుగువాళ్ళే. మోసినవాడి బాధ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మోసినవాళ్ళ పిల్లలు కొండెక్కగలరని కూడా మనకు తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది.

మీరు రేపే టాంజానియా వెళ్ళాలని నేను చెప్పను. మీ ఊళ్ళోనే కొండలున్నాయి. వెల్లూరు సి.ఎం.సి.కి, బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రికి, ముంబయి టాటా మెమోరియల్‌కు ఊళ్ళ నుంచి తెలుగు రోగులు వస్తుంటారు. అక్కడి భాష రాదు. ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. డాక్టరు చెప్పింది సగం అర్థమై, సగం భయంగా మిగులుతుంది. మీకు తెలుగూ వచ్చు, అక్కడి భాషా వచ్చు. నెలకు ఒక్క శనివారం వారి పక్కన నిలబడి మాట కలిపితే చాలు. అది ఎవరూ ఫోటో తీయని కొండ.

డబ్బు పోగు చేయాలంటే సంఘమంతా కలిసి ఒక నడక పెట్టండి. మూడు నియమాలు మాత్రం మరవకండి. మీ ఖర్చు మీరే పెట్టుకోండి, వచ్చిన కానుక ముట్టకండి. లెక్క సంఘం ముందు చదవండి. షామియానా వేసినవాడికి, వంట చేసినవాడికి, ఊడ్చిన అక్కకు ఆ సాయంత్రమే కూలి ఇవ్వండి. "దేవుని పనే కదా" అని తగ్గించమని అడగకండి. దేవుని పని కాబట్టే తగ్గించకూడదు.

అమ్మలారా, అక్కలారా, మీకూ ఒక మాట. రొమ్ములో గడ్డ తగిలితే దాచకండి. ముందుగా చూపించుకుంటే బతికే అవకాశం ఎక్కువ. కూతురి పెళ్ళి అయ్యాక చూద్దాంలే అనుకోకండి.

పైకి చేరినవారిని చూసి చప్పట్లు కొడదాం. ఆ చప్పట్లు ఆగకముందే, మూట మోసినవాడికి ముట్టిందా అని అడుగుదాం. ఆ రెండూ కలిసినప్పుడే అది ధర్మం.