పీపాల ఊళ్ళో మేం నలుగురం



పోర్చుగల్ దేశంలో పోర్టో అని ఒక ఊరుంది. డోరో నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే దగ్గర, కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. మేం నలుగురు స్నేహితురాళ్ళం ఆ మధ్య అక్కడికి వెళ్ళొచ్చాం. మాలో ఒకావిడ కూతురు అక్కడ చదువుకుంటోంది, అదీ వంక. ఆ ఊరు వెళ్ళినవాళ్ళు ద్రాక్షసారా గిడ్డంగులు చూడకుండా రారట. ఆ మాట వినగానే మా అత్తగారు, “సారా కొట్టు చూడ్డానికి విమానం ఎక్కాలిటమ్మా? మన వీధి చివర లేదూ?” అన్నారు.

ఆవిడ అన్నదీ నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సంగతులు వింటూ పెరిగినదాన్ని నేను. సీసా అంటే సరదా వస్తువు అని మనకెవరికీ అనిపించదు కదా.

ఊళ్ళో చూడవలసినవి చాలా ఉన్నాయి. సావ్ బెంతో రైలు స్టేషను గోడల నిండా నీలిరంగు బొమ్మల పలకలే, ఇరవై వేల దాకా ఉన్నాయిట. నది మీద 1886లో కట్టిన రెండంతస్తుల ఇనప వంతెన. పై అంతస్తులో మెట్రో రైలు పోతూంటే పక్కనే జనం నడుస్తూంటారు. ఆ వంతెన దాటితే అవతలి ఒడ్డున విలా నోవా ద గాయా. గిడ్డంగులన్నీ అక్కడే.

లోపల చీకటి, చల్లదనం, వరసలు వరసలుగా చెక్క పీపాలు. మాకు చూపించే అమ్మాయి వాటిని “పీపా” అనేసరికి నలుగురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ మాట పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచే మనకొచ్చింది మరి! అలమార, బొత్తాం, తువాలు, మేస్త్రీ కూడా అలా ఓడ దిగి మన ఇళ్ళల్లో స్థిరపడ్డ మాటలే. ఒక్కో పీపాలో సుమారు 550 లీటర్లు పడుతుంది.

ద్రాక్షతోటలు అక్కడికి తూర్పున, డోరో లోయలో ఉన్నాయి. 1756లోనే ఏ తోటల పండు పోర్టు సారాకు పనికొస్తుందో ప్రభుత్వం హద్దులు నిర్ణయించింది. పండు తొక్కి రసం పులియబెడతారు. రెండు మూడు రోజులయ్యాక, తీపి ఇంకా సగం మిగిలి ఉండగానే, ద్రాక్షనుంచే దింపిన ఘాటైన సారాయి కలుపుతారు. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి అలాగే నిలుస్తుంది. మామూలు ద్రాక్షసారాలో మత్తు పాలు నూటికి పన్నెండు, పద్నాలుగు ఉంటే ఇందులో ఇరవై దాకా ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని షర్బత్తులా పుచ్చుకుంటే అంతే సంగతులు! వెనకటికి ఈ పీపాలు పడవల్లో నది దిగి వచ్చేవి. తర్వాత రైలొచ్చింది, నది మీద ఆనకట్టలూ వచ్చాయి. ఇప్పుడా పడవలు ఒడ్డున అలంకారానికి నిలబడి ఉన్నాయి.

రుచి చూడ్డం అంటే గటగటా తాగడం కాదుట. ముందు గ్లాసు వెలుతురుకి పెట్టి రంగు చూడాలి. తర్వాత వాసన, ఆ తర్వాతే చిన్న గుక్క. మింగక్కర్లేదు, ఉమ్మేయడానికి పక్కనే ఓ పాత్ర పెట్టారు, మన తాతగారి పడక్కుర్చీ పక్కనుండే తమ్మపడిగ లాంటిది. పెద్ద తొట్లలో ఉంచిన రకం ఎర్రగానే ఉంటుంది. చిన్న పీపాల్లో ఏళ్ళ తరబడి ఉన్నది గాలి తగిలి, చింతపండు పాతబడ్డట్టు రంగు మారుతుంది. దాని వాసనకి నాకు అంజీరూ, ఎండుద్రాక్షా, కాస్త ముదిరిన బెల్లం పాకమూ గుర్తొచ్చాయి. జాడీ మూత తీసి వాసన చూసి ఆవకాయ ఏ ఏటిదో చెప్పే మామ్మలు మనకి లేరూ? ఇదీ ఆ విద్యే.

నేను రుచి చూశాను, దాచడం ఎందుకు? మాలో ఒకావిడ మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. వాళ్ళ నాన్నగారి తాగుడుతో అమ్మ నగలు ఒక్కొక్కటే పోయిన ఇల్లు వాళ్ళది. “నాకోసం మీరు మానక్కర్లేదే, నేను కూచుంటాను” అంది. కాసేపటికి తనే ఆ అమ్మాయిని అడిగింది, “తాగొచ్చి ఇల్లు గుల్ల చేసేవాళ్ళు మీ ఊళ్ళో ఉండరా?” అని. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి, “ఉంటారండీ. మా అమ్మమ్మ గ్లాసు కడిగేది కానీ ఎన్నడూ నోట పెట్టలేదు” అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మేం కల్పించుకోలేదు.

ఆ అమ్మాయే మాకు దోనా ఆంతోనియా ఫెరైరా కథ చెప్పింది. 1811లో పుట్టింది. భర్త దుబారా మనిషి, 1844లో పోయాడు. ముప్ఫై మూడేళ్ళకే ఇద్దరు పిల్లలతో తోటల భారం నెత్తిన పడింది. మంత్రిపదవి చేసిన ఓ పెద్దమనిషి ఆమె పసికూతుర్ని తన కొడుక్కి అడిగితే, పిల్లని తీసుకుని దేశం దాటి ఇంగ్లండు వెళ్ళిపోయింది కానీ ఒప్పుకోలేదు! 1861లో డోరో సుడిలో పడవ తిరగబడి తోటి ప్రయాణికుడు బారన్ ఫారెస్టర్ మునిగిపోయాడు, ఆమె బతికింది. గుండ్రటి లంగా గాలి నింపుకుని తేల్చిందని చెప్పుకుంటారు. తర్వాత తెగులొచ్చి తోటలు ఎండిపోతున్నప్పుడు కూడా నేల కొంటూ, తీగ నాటిస్తూనే ఉంది. 1896లో పోయేనాటికి ఆ లోయలో ఆమెది కాని కొండ వెతుక్కోవాలనేవారట. అయితే ఆ తోటల్లో గుత్తులు కోసిన ఆడకూలీల పేర్లు ఏ గోడమీదా కనపడలేదు నాకు.

వచ్చేటప్పుడు మిగతా ముగ్గురం చెరో చిన్న సీసా కొన్నాం. గ్లాసు ముట్టుకోని మా స్నేహితురాలు కార్కు చెక్కతో చేసిన చేతిసంచీ కొనుక్కుంది. ఓక్ చెట్టు బెరడుట అది, తొమ్మిదేళ్ళకోసారి వలుస్తారు, చెట్టు చావదు. తేలిగ్గా, మెత్తగా, తోలులా ఉంటుంది. కూరల బజారుకి కూడా అదే పట్టుకొస్తోంది.