విద్యార్థి వసతి గృహము: రాత్రివేళ బాధ్యత ఎవరిది?

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పండుగ దినములలో మాట్లాడుటకు నాకిచ్చిన అంశము, విశ్వవిద్యాలయములతో కలిసి విద్యార్థి వసతి గృహములు కట్టుట, వాటిని నడుపుట. నూరేండ్లు నిండినప్పుడు గడచిన దినములను తలచుకొనుట సహజము. ఈ అంశము మాత్రము రాబోవు దినములకు సంబంధించినది. పట్టణములలో మన సంఘములకు స్థలములున్నవి. వాటి చుట్టుప్రక్కల కళాశాలలు పెరిగినవి. పల్లెలనుండి వచ్చు పిల్లలకు మాత్రము అక్కడ తలదాచుకొనుటకు చోటు చాలుట లేదు. ఈ మూడింటిని కలిపి చూచినవారికి, "మన స్థలములో హాస్టలు కట్టి, విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొనరాదా?" అను ఆలోచన రాక తప్పదు.

ఆలోచన మంచిదే. పూనుకొంటే స్థలము దొరుకును, ధనము దొరుకును, మేస్త్రీలు దొరుకుదురు. అయితే అర్ధరాత్రివేళ ఒక బిడ్డకు ఆపద వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టవలెను? హాస్టలు కట్టినవారిదా, చదువు చెప్పువారిదా? ఈ ప్రశ్నకు జవాబు కాగితముమీద వ్రాసి, ఇరుపక్షములవారు సంతకములు చేసిన తరువాతనే పునాదిరాయి వేయవలెనని మీకు మనవి చేయదలచినాను.

చదువు చెప్పువారు ఒకరు, వసతి ఇచ్చువారు మరొకరు అగుట మన దేశములో కొత్త కాదు. అలహాబాదులో మ్యూర్ సెంట్రల్ కళాశాలలో చదువువారి కొరకు ఇంగ్లండు మిషనరీలు ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జి హాస్టలును స్థాపించినారు. దానినే హాలండ్ హాల్ అందురు. ఆ పట్టణములోనే పండిత మదనమోహన మాలవీయగారు చందాలు పోగుచేసి కట్టించిన హిందూ బోర్డింగు హౌసు 1903లో పూర్తియైనది. హైదరాబాదులో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో రెడ్డి హాస్టలు వెలసినది. సురవరం ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణ బాధ్యత చూచినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టినదికూడ ఆ 1918లోనే. తెలంగాణ పల్లెలనుండి చదువుకొరకు వచ్చిన అనేకులకు ఆ హాస్టలే ఇల్లైనది.

క్రైస్తవ సంఘములు విశ్వవిద్యాలయముతో చట్టబద్ధముగా చేతులు కలిపిన తీరు తెలిసికొనవలెనంటే ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమును చూడవలెను. నేడు మన తెలుగు బిడ్డలు ఎందరో చదువుచున్న దేశమది. సిడ్నీ విశ్వవిద్యాలయము 1850లో స్థాపింపబడినది. అది ఏ మతమునకు చెందనిది. 1854లో ఆ ప్రాంతపు శాసనసభ ఒక చట్టము చేసి, సంఘములు తమ వసతి కళాశాలలను విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా కట్టుకొనవచ్చునని చెప్పినది. సంఘములు చందాలుగా కూడబెట్టిన సొమ్ముకు తోడుగా ప్రభుత్వముకూడ సొమ్ము ఇచ్చినది. పాఠములు, పరీక్షలు, పట్టములు విశ్వవిద్యాలయము వంతు. నివాసము, భోజనము, మతబోధ, సాయంకాలపు చదువు సంఘముల వంతు. ఆ ఏర్పాటు క్రింద 1856లో ఆంగ్లికనుల సెయింట్ పాల్స్, 1858లో కాథలిక్కుల సెయింట్ జాన్స్, 1867లో ప్రెస్బిటేరియనుల సెయింట్ ఆండ్రూస్ కళాశాలలు ఏర్పడినవి. 1892లో స్త్రీల కళాశాల వచ్చినది. అది ఏ ఒక్క సంఘమునకు చెందినది కాదు.

పని ఇంత చక్కగా పంచుకొన్నారు గదా, ఇంకేమి కావలెనని మీరనవచ్చును. పగటి పని పంచుకొన్నారు. రాత్రి బాధ్యత ఎవరిదను ప్రశ్న నూటయరువది ఏండ్ల తరువాత వారి ముందుకు వచ్చినది. 2017లో ఆస్ట్రేలియా మానవహక్కుల సంఘము 39 విశ్వవిద్యాలయములలో విద్యార్థులపై జరుగు లైంగిక వేధింపులనుగూర్చి విచారించి నివేదిక ప్రకటించినది. వసతి కళాశాలలలో నివసించు యువతులకు ముప్పు హెచ్చుగా ఉన్నదని అది తేల్చినది. ప్రతి వసతి గృహము బయటి నిపుణులచేత విచారణ జరిపించుకొనవలెనని చెప్పినది. ఆ సంవత్సరమే సిడ్నీ వసతి కళాశాలలనుగూర్చి ఎలిజబెత్ బ్రాడరిక్ గారి నివేదిక వెలువడినది. 2025లో ఆ దేశపు పార్లమెంటు చట్టమే చేసినది. దాని క్రింద వచ్చిన నియమావళిలో విద్యార్థుల నివాసములకు ప్రత్యేకముగా ఒక భాగమున్నది. వసతి మరొకరు నడుపుచున్నారని చెప్పి విశ్వవిద్యాలయము చేతులు దులుపుకొనుటకు వీలు లేదని దాని తాత్పర్యము.

ఇక ఇంగ్లండు సంగతి. అక్కడ ఇది నేడు పెద్ద వ్యాపారము. విశ్వవిద్యాలయముతో ఒప్పందములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, యజమాని కట్టి తానే నడుపును. ఏటేటా ఇన్ని పడకలకు మా విద్యార్థులను పంపెదమని విశ్వవిద్యాలయము మాట ఇచ్చును. రెండవది, విశ్వవిద్యాలయము భవనమంతయు లీజుకు తీసికొని, యజమానికి అద్దె కట్టి, తానే నడుపును. మూడవది, విశ్వవిద్యాలయపు స్థలములోనే ఒక కంపెనీ తన ధనముతో కట్టి, అనేక సంవత్సరములు అద్దెలు వసూలు చేసికొని, గడువు తీరగానే భవనమును అప్పగించి వెళ్లును.

వీటిలో ఏది మేలో తెలియవలెనంటే, ఖాళీ పడకల నష్టము ఎవరిమీద పడునో చూడవలెను. ఉదాహరణకు మనము 200 పడకల హాస్టలు కట్టినామనుకొందము. నెలకు మనిషికి 6,000 రూపాయలు. అన్నియు నిండితే నెలకు 12 లక్షలు. ఏబది పడకలు ఖాళీ అయితే మూడు లక్షలు తగ్గును. బ్యాంకు వాయిదా మాత్రము ఒక్క రూపాయి తగ్గదు. వంటవారికి, వాచ్‌మన్‌కు జీతము ఇవ్వవలసినదే. "పంపుటకు ప్రయత్నించెదము" అను మాటకు, "పంపని పడకలకు మేమే చెల్లించెదము" అను మాటకు అంతరము ఏడాదికి 36 లక్షలు! ఒప్పందములో ఈ ఒక్క వాక్యము చదువకుండ సంతకము చేసినవాడు సంఘపు ఆస్తిని పందెము కాచినవాడే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇది అందరికి తెలిసివచ్చినది. ఇంగ్లండులో పిల్లలు ఇండ్లకు వెళ్లిపోయినారు. అనేక విశ్వవిద్యాలయములు తమ సొంత హాస్టళ్లలో ఆ చివరి టర్ము అద్దె మాఫీ చేసినవి. ప్రైవేటు యజమానులలో కొందరు మాఫీ చేసినారు, కొందరు చేయలేదు. ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు అద్దె కట్టలేదు, మరొకరు నిద్రించని గదికి కట్టినారు. ఇద్దరిని చేర్చుకొన్న విశ్వవిద్యాలయము ఒక్కటే.

అంతకు ముందు సంవత్సరము, 2019 నవంబరు 15న, బోల్టన్ పట్టణములో ఒక ప్రైవేటు విద్యార్థి వసతి భవనమునకు నిప్పు అంటుకొన్నది. అందు నివసించువారు బోల్టన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు, సుమారు 200 మంది. గోడల వెలుపలి పలకలమీదుగా మంట పైకి ప్రాకినది. దేవుని దయవలన ఒక్కరును చనిపోలేదు. అలారము మాటిమాటికి ఊరకనే మ్రోగుచుండుటచేత మొదట పట్టించుకొనలేదని కొందరు విద్యార్థులు పత్రికలవారితో చెప్పినారు. అలారము ఉంటే చాలదు. అది ఊరక మ్రోగినప్పుడు ఎవరు వచ్చి బాగుచేయవలెనో వ్రాసియుండవలెను.

సహోదరీ సహోదరులారా, అట్లైతే మన ఒప్పందములో ఏమేమి ఉండవలెను? నాకు తోచిన అయిదు సంగతులు చెప్పెదను.

మొదటిది, స్థలము. స్థలము మన తాతముత్తాతల కాలపుది. భవనముమీద అప్పు తెచ్చినను, స్థలమును తాకట్టు పెట్టు అధికారము ఎవరికిని ఉండరాదు. గడువు తీరిన దినమున భవనము ఏ స్థితిలో మన చేతికి రావలెనో ముందుగానే వ్రాయవలెను. ప్రతి సంవత్సరము అద్దెలో కొంత మరమ్మతుల నిధికి తీసి, వేరుగా దాచవలెను. పైకప్పు కురియుట మొదలైన తరువాత చందాల పుస్తకము పట్టుకొని తిరుగుట మనకు కొత్త కాదు గాని, అది అలవాటు కారాదు.

రెండవది, వార్డెను. ఆయన జీతము ఎవరు ఇచ్చినను, ఆయన ఎవరికి జవాబు చెప్పవలెనో ఒక్క పేరు ఉండవలెను. ఇద్దరికి అనినచో ఎవరికిని చెప్పడు. బాలికల హాస్టలులో రాత్రివేళ ఉండు స్త్రీ వార్డెను లేనిదే తలుపులు తెరువరాదు.

మూడవది, చట్టము. ర్యాగింగును అరికట్టుటకు యు.జి.సి. 2009లో చేసిన నిబంధనలు కళాశాల ఆవరణకు వెలుపల ఉన్న ప్రైవేటు హాస్టళ్లకుకూడ వర్తించును. అట్టి హాస్టళ్లు స్థానిక పోలీసులవద్ద నమోదు కావలెనని, కళాశాల అధిపతి సిఫారసు ఉండవలెనని అవి చెప్పుచున్నవి. పదునెనిమిది ఏండ్లు నిండనివారుకూడ మొదటి సంవత్సరములో చేరుదురు. వారి విషయములో 2012నాటి పోక్సో చట్టమున్నది. బిడ్డపై అఘాయిత్యము జరిగినదని తెలిసి దాచిపెట్టుట నేరము. "సంఘపు పరువు పోవును" అను సాకు ఆ చట్టము ముందు నిలువదు. దేవుని ముందు అసలే నిలువదు.

నాల్గవది, పన్ను. 2024లో జి.ఎస్.టి. మండలి నిర్ణయము ప్రకారము మనిషికి నెలకు 20,000 రూపాయలు మించని వసతికి, ఎడతెగక కనీసము 90 దినములు ఉన్నచో, పన్ను మినహాయింపు ఇచ్చినారు. వేసవి సెలవులలో గదులను నాలుగు దినముల అతిథులకు ఇచ్చి ఖర్చులు పూడ్చుకొందమనువారు, అట్టివారికి ఈ మినహాయింపు రాదని గుర్తుంచుకొనవలెను.

ఐదవది, అన్నిటికంటె పెద్దది: ఈ హాస్టలు ఎవరికొరకు? అద్దె హెచ్చుగా ఉంచినచో ఖాళీలు లేకుండ నిండవచ్చును. కాని అప్పుడు పల్లెలోని మన కూలిబిడ్డ గేటు వెలుపలనే నిలుచును. కొన్ని పడకలు తక్కువ అద్దెకు కేటాయించి, వాటి భారము ఎవరు మోయుదురో లెక్కలో చూపవలెను. ఉపకారవేతనము ఆలస్యముగా వచ్చుట మన రాష్ట్రములలో అందరు ఎరిగినదే. అది వచ్చువరకు ఆ విద్యార్థికి మెస్‌లో భోజనము ఆపరాదు, హాల్ టికెట్టు ఆపుటకు విశ్వవిద్యాలయమును పురికొల్పరాదు అని స్పష్టముగా వ్రాయవలెను. మరియు మన పిల్లలకేగాక, ఏ మతమువారైనను ఏ కులమువారైనను అర్హతనుబట్టి చోటు దొరకవలెను. ఒక కులపువారి కొరకు లేచిన హాస్టళ్లు ఆ దినములలో ఎంతో మేలు చేసినవి, కాదనను. అయితే విశ్వవిద్యాలయముతో కలిసి నడుపుదుమన్నప్పుడు, విశ్వవిద్యాలయము ఎవరిని చేర్చుకొనునో వారందరికి మన తలుపు తెరచియుండవలెను.

ఇవన్నియు విన్న తరువాత, ఇంత తలనొప్పి మనకెందుకు, ఆ స్థలములో దుకాణములు కట్టి అద్దెకిచ్చినచో సుఖముగా ఉండును గదా అని ఎవరైనా అనవచ్చును. దుకాణమునకు రాత్రి తాళము వేసి ఇంటికి పోవచ్చును, నిజమే. కాని ఊరుగాని ఊరిలో ఒక బిడ్డను నమ్మకముగా విడిచి వెళ్లుటకు చోటు లేక, ఎందరు తలిదండ్రులు కూతురి చదువు ఇంటర్మీడియటుతో ఆపివేయుచున్నారో మీమీ గ్రామములలో అడిగి చూడుడి. ఆ తలిదండ్రులు మననుండి కోరునది పాలరాతి నేల కాదు. ఫోను చేసినప్పుడు ఎత్తి, "నేను చూచుకొనెదను" అని చెప్పు ఒక మనిషిని కోరుచున్నారు.

కాబట్టి ఆస్తుల కమిటీవారికి నా విన్నపము ఇది. ప్లానులు గీయించుటకు ముందు, విశ్వవిద్యాలయపు అధికారులతో కూర్చుండి ఒక్క పుట వ్రాయుడి. ఖాళీ పడక నష్టము ఎవరిది, అలారము బాగుచేయువారెవరు, ఫిర్యాదు వినువారెవరు, రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తువారెవరు? ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఒక పదవి, ఒక పేరు ఉండవలెను. ఆ పుట నిండినచో కట్టుదము. నిండనిచో, నిండువరకు ఆగుదము.