క్యాబిన్ కూడా మన రూమే

నన్ను భద్రత మీద మాట్లాడమన్నారు. నేను బండి కడిగే సంగతే చెప్తా. నాకు రెండూ ఒకటే.

మూడేండ్ల కింద రాస్ లఫాన్ రోడ్డు మీద ట్రైలర్ నడుపుతున్నా. ముందు బండి స్లో అయింది, బ్రేకు తొక్కితే దిగలేదు. సీటు కింది నీళ్ల బాటిల్ దొర్లి వచ్చి పెడల్ కింద ఇరుక్కుంది. కాలితో నెడితే జారింది కాబట్టి బతికిన. అప్పటి నుంచి బండి ఎక్కగానే మొదట చూసేది పెడళ్ల కిందనే. కరక్ చాయ్ కప్పులు, బాటిళ్లు అన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టేస్తా.

మన అల్ ఖోర్ సముద్రం ఒడ్డున ఉంది. రాత్రి తేమకు దుమ్ము తడిసి అద్దం మీద అట్టకడుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దకండి, ఇసుకకు గీతలు పడతాయి. సాయంత్రం అబూ సమ్రా బార్డర్ వైపు పోతుంటే ఎదురెండకు ఆ గీతలన్నీ మెరిసి రోడ్డే కనపడదు. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ. వైపర్ రబ్బరు కూడా తుడవాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, ఛాసిస్ కిందా నీళ్లు కొట్టాలి. వెనుక లైట్లు మరవొద్దు.

ఇంకోమాట. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో బయట పని చేయించొద్దని ఖతర్ రూలు. బండి కడగడమూ పనే కదా. ఆ టైములో ఎవరైనా కడగమంటే ఈ మాట చెప్పండి. నేనైతే ఫజర్ అజాన్ వేళకే బకెట్ పడతా.

పరుపు మీది దుప్పటి వారానికోసారి ఉతుకుతా. మా ఇంటామె వీడియో కాల్‌లో చూసి, "ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కనాడన్న దుప్పటి మడతపెట్టినవా?" అంటది.