మా తండ్రిగారి చేతిగడియారము



మీలో అనేకుల యిండ్లలో చెక్కపెట్టె యడుగుననో, దేవుని గూటిలోనో, పాత పట్టాకాగితముల నడుమనో నిలిచిపోయిన చేతిగడియారము ఒకటి ఉండియుండును. అది తండ్రిదో, తాతదో, మేనమామదో యగును. దానిని పారవేయుటకు మనసొప్పదు. బాగుచేయించుటకు తీరిక కుదరదు. మా యింటను అట్టిది ఒకటి 14 ఏండ్లు పడియుండెను. దానిని బాగుచేయించిన విధమును, అందు జరిగిన తప్పును నేడు మీకు విన్నవించెదను. ఆ తప్పు గడియారములు బాగుచేయువారిది కాదు, నాది. ఈ మాట ముందే చెప్పుట మేలు.

మాది కాజీపల్లి. 2016 వరకు మెదకు జిల్లాలోనిది, నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. నా బాల్యమున ఊరిచుట్టును జొన్నచేలుండెడివి. ఇపుడు మందుల కర్మాగారములున్నవి. షిఫ్టు మారువేళ వినవచ్చు కూతయే మా యూరికి గడియారము. మా తండ్రిగారు నాలుగైదు గ్రామములకు పంచాంగము చెప్పుచు, ముహూర్తములు నిర్ణయించుచు కాలము గడపిరి. వారికి గడియారము అలంకారము కాదు, రైతునకు నాగలి వంటిది. రెండు మూడు పెండ్లిండ్ల సంభావన కూడబెట్టి, 1972లో నగరమునకు పోయి హెచ్.ఎం.టి. జనతా గడియారమును కొనితెచ్చిరి. అది తెచ్చిన నాటి సాయంకాలము మా వాకిట చేరిన జనము, పెండ్లికి చేరినంత జనము.

హిందుస్తాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ, జపాను దేశపు సిటిజన్ కంపెనీ వారి సహకారముతో 1961లో బెంగుళూరున చేతిగడియారముల కర్మాగారమును నెలకొల్పెను. అంతకుముందు మన దేశమున చేతికి కట్టుకొను గడియారము ప్రాయికముగా సీమలనుండి రావలసినదే. పల్లెటూళ్ళలో ఉపాధ్యాయులు, పట్వారీలు, రైల్వే ఉద్యోగులు గడియారము కట్టుకొనుటకు నోచుకొన్నది ఈ సంస్థ పుణ్యముననే. దాని గడియారముల విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016 జనవరిలో ఆమోదము తెల్పినది. కావున నేడు పాత జనతాకు ఏదైన చక్రము కావలసివచ్చిన, మరియొక పాత జనతానుండి తీసి వేయవలసినదే. ఈ సంగతి మనసున నుంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

పంచాంగమున కాలము ఘడియ విఘడియలలో నుండును. పగలును రాత్రియు కలిసి 60 ఘడియలు. ఘడియకు 24 నిమిషములు. విఘడియకు 24 సెకండ్లు. అడుగున సన్నని బెజ్జముగల రాగిగిన్నెను నీటిపై విడిచినచో, అది నిండి మునుగుటకు పట్టు కాలము ఘడియ. అహోరాత్రమున అది 60 మారులు మునుగవలెనని సూర్యసిద్ధాంతమున నున్నది. గడియారమను మాటయే గడియనుండి వచ్చినది గదా! మా తండ్రిగారు సూర్యోదయమును పట్టుకొని ఘడియలను గంటలలోనికి మార్చి, ముంజేతి వంక చూచి, "ఇక కానిండు" అనిన తరువాతనే బాజాలు మ్రోగెడివి.

ఆ గడియారము సెకండునకు 5 మారులు చప్పుడు చేయును; గంటకు 18,000. మన శాస్త్రములలో ప్రాణమనబడు కాలము, అనగా ఆరోగ్యవంతుడు ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసములకు తీసికొను కాలము, 4 సెకండ్లు. అంతలో ఈ గడియారము 20 మారులు కొట్టుకొనును. దినమునకు లెక్కింపగా 4,32,000. కలియుగమునకు చెప్పిన సంవత్సరముల సంఖ్యయు అదియే! జపానువారు మన యుగములు లెక్కించి చక్రములు కోసిరని నేననను. లెక్క అట్లు కుదిరినది, అంతే. కాని ఈ మాట మా తండ్రిగారికి తెలిసియున్నచో ఎంత మురిసెడివారో యని నాకిప్పటికిని తోచుచుండును.

వారు 2010లో కాలము చేసిరి. గడియారమును పెట్టెలో భద్రపరచితిమి. 2024లో నా మనుమరాలు దానిని బయటికి తీసి, "తాతయ్యా, ఇది ఎందుకు నడువదు?" అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. మరునాడే నగరమునకు పోయి, పెద్ద దుకాణమొకదానియందు దానిని ఇచ్చి, "కొత్తదానివలె చేయుము" అంటిని. జీవితమంతయు పిల్లలకు మాటను ఆచితూచి వాడవలెనని బోధించినవాడను. ఆ దినమున నేను తూచక పలికిన మాట అది.

పది దినములకు గడియారము నిజముగనే కొత్తదై వచ్చినది. దాని ముఖము పాలవలె తెల్లగా నున్నది. అక్షరములు కొంచెము లావై, వరుస తప్పియున్నవి. మా తండ్రిగారి గడియారపు ముఖము లేత పసుపు తిరిగియుండెడిది. 12వ అంకె చెంత, ఏండ్ల తరబడి విభూతి పొడి లోపలికి చేరి, బూడిదవన్నె మచ్చ యుండెడిది. "పాత ముఖమేది?" అని అడిగితిని. "అదే ఇది, పంతులుగారూ. పాత రంగు గీకి కొత్త రంగు వేసినాము. మీరే గదా కొత్తదానివలె చేయుమన్నారు!" అని దుకాణదారుడు మర్యాదగనే చెప్పెను. పైకము చెల్లించి వచ్చితిని.

మా తల్లిగారికి 86 ఏండ్లు. చూపు మందగించినది. గడియారమును చేతికిచ్చితిని. ముఖమునకు దగ్గరగా పెట్టుకొని చూచి, ఏమియు ననక, చెవికి ఆనించుకొనెను. "చప్పుడు అదేరా" అనెను. నాకు కొంత ఊరట కలిగినది. ఆ ఊరటయు నెల దినములే. ఒక ఉదయమున చావి త్రిప్పితిని, గడియారము కదలలేదు.

అప్పుడు పటాన్‌చెరువులో ఒక మేడమెట్ల క్రింద చిన్న అద్దాల పెట్టె పెట్టుకొని కూర్చుండు వృద్ధుడొకని వద్దకు పోయితిని. ఆయన మూత విప్పి, కంటికి భూతద్దము తగిలించుకొని చూచి, "ముఖము కడిగి పంపినారు, పంతులుగారూ, కడుపు చూడలేదు" అనెను. లోపల పాత నూనె బంకగా మారియుండగా, దానిమీదనే కొత్త నూనె పోసియుండిరట. గడియారమునకు నూనె లేకపోవుట ఎంత కీడో, మిక్కిలి పోయుటయు అంత కీడు. మిగులు నూనె ప్రాకి ధూళిని చేర్చుకొనును. సన్నని తీగచుట్ట మీదికి ప్రాకెనా, చుట్లు ఒకదానికొకటి అంటుకొని గడియారము పరుగెత్తును, లేదా నిలిచిపోవును.

ఆయన ఎదుట చిన్న ముక్కాలిపీటపై కూర్చుండి ఆ పనిని రెండు గంటలు చూచితిని. మొదట చుట్టుకొనియున్న కమానుబలమును మెల్లగా విడిపించెను. బలముండగా విప్పిన చక్రముల పండ్లు విరుగునట. పిదప ఊగెడు చక్రమును తీగచుట్టతో కూడ తీసెను. గోడగడియారమునకు లోలకమెట్టిదో చేతిగడియారమునకు ఈ చక్రము అట్టిది. దీనికి చుట్టతీగను కూర్చు ఉపాయమును హాలెండు దేశపు హైగెన్సు పండితుడు 1675లో వెల్లడించెను. అదియే లేనిచో కాలము మన చేతికి ఎక్కియుండెడిది కాదు. తరువాత కొక్కెము, చక్రములు, కమానుండు డబ్బీ వరుసగా వెలికివచ్చినవి. అన్నిటిని శుభ్రమైన పెట్రోలులో కడిగి, పుల్లను సన్నగా చెక్కి, దాని మొనతో ఒక్కొక్క రాతి రంధ్రమును తుడిచెను.

రాళ్ళనగా జ్ఞప్తికి వచ్చినది. ముఖముపై "17 జ్యువెల్స్" అని వ్రాసియుండుట ఎవరో చదివి చెప్పగా, పంతులుగారి చేతిలో 17 కెంపులున్నవని మా యూర పుకారు పుట్టినది. కొంతకాలము మా యమ్మ రాత్రులు తలుపు రెండుమారులు చూచుకొనెడిది. అవి కెంపులన్నమాట నిజమే. కాని గనిలో పుట్టినవి కావు. కృత్రిమముగా కెంపును చేయు విధానమును ఫ్రాన్సు దేశపు వెర్నోయ్ అను రసాయనశాస్త్రవేత్త 1902లో ప్రకటించెను. ఇరుసు మొనలు అరుగకుండుటకై గట్టిరాయి కావలెను గనుక వానిని పొదుగుదురు. వెల స్వల్పము, పని గొప్పది.

నూనె వేయునప్పుడు ఆ వృద్ధుడు ఊపిరి బిగబట్టుట గమనించితిని. సూదిమొనకు అంటినంత నూనె, రాతి గుంటకు ఒక్క చుక్క. కొక్కెపు ఇరుసులకు అదియు లేదు. మనము తలుపు కీలునకు పోయునంత నూనెతో వేయి గడియారములు నడుచునట.

మూతను కడుగునప్పుడు దాని లోపలివైపు నాకు చూపెను. సూదితో గీసిన సన్నని అంకెలు కనబడినవి: 3-75, 11-80, 6-84, 2-89, 5-94, 12-01. గడియారమును విప్పి శుభ్రపరచినవాడు నెలను, సంవత్సరమును మూత లోపల గీయుట ఈ వృత్తివారి వాడుక. మా తండ్రిగారు నాలుగైదేండ్లకొకమారు దానిని బాగు చేయించుచుండిరని నాకు తెలియును. కాని ఆ వరుసలో 1978 లేదు.

1978 నాకు బాగుగా జ్ఞాపకమున్నది. నేను నగరమున ప్రాచ్యకళాశాలలో చదువుచుంటిని. ఆషాఢమున ఇంటికి వచ్చినప్పుడు నాయనగారి చేయి బోసిగా నుండెను. "బాగుకు ఇచ్చితిని" అనిరి. కార్తికము వరకు అది రాలేదు. ఆ అయిదు మాసములు వారు వాకిట నిలిచి, తమ నీడను తమ పాదములతో కొలిచి వేళ చెప్పుచుండిరి. మబ్బు పట్టిన దినములలో పటాన్‌చెరువు బస్సు రాకను బట్టి లెక్కించుచుండిరి. అది పండితుని పట్టుదల యని, ప్రాచీనపద్ధతిపై అభిమానమని నేను తలచి, తోడి విద్యార్థులకు గొప్పగా కూడ చెప్పియుంటిని.

వృద్ధుని అడిగితిని: "అయిదు నెలలు బాగుకు ఉంచుకొన్నవాడు గుర్తు వేయకుండునా?" ఆయన నావంక చూచి, "మరచిపోవచ్చును" అనెను. ఆయన మంచివాడు.

ఆ రాత్రి మా తల్లిగారిని అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "బాగుకు ఇచ్చుట యేమిటిరా? నీ పరీక్ష రుసుము, భోజనపు రొక్కము ఎక్కడివనుకొంటివి? సంగారెడ్డిలో కుదువబెట్టినాడు. తెలిసిన చదువు మాని వత్తువని నీకు చెప్పవద్దన్నాడు" అనెను. పిమ్మట, "విడిపించి తెచ్చిననాడు అన్నము తినక ముందే చావి యిచ్చినాడు" అని నవ్వెను.

రెండు దినముల పిదప మరల పటాన్‌చెరువునకు పోయితిని. గడియారమును వెల్లకిల, బోర్ల, ప్రక్కకు ఒక్కొక్క రీతిగా పెట్టి పరీక్షించుచుండెను. చప్పుడును సెల్‌ఫోనునకు వినిపించి వేగమును తెలిసికొనుచుండెను. ఆ విద్య ఆయన మనుమడు నేర్పెనట. ముఖమును గూర్చి అడిగితిని. రేకుడబ్బాలో వెదకి పాత జనతా ముఖమొకటి తీసెను; పసుపు తిరిగి, ముమ్మూర్తుల మావారి దానివలెనే యున్నది. "వేయుదునా?" అనెను. వలదంటిని. అది మరియొకరి తండ్రిది. నేను చెరిపించినది నా యెదుట ఉండుటయే న్యాయమని తోచినది.

గడియారములు బాగుకు ఇచ్చువారికి ఈ సందర్భమున ఒక మాట. ఏది మార్చెదరో ముందు అడుగుడు. మార్చిన పాతభాగమును తిరిగి తీసికొనుడు. ముఖమును తాకవద్దని నోరు తెరచి చెప్పుడు. "నడచునట్లు చేయుము" అనిన చాలును. ఇంటియొద్ద కత్తిమొనతో మూత తెరవవలదు. అయస్కాంతమున్న వస్తువులకు, రేడియో పెట్టెకు కూడ, దూరముగా ఉంచవలెను.

వృద్ధుడు మూతను చేతబట్టి, "గీతలు పోవునట్లు లోపల కూడ మెరుగు పెట్టెదనా, పంతులుగారూ?" అని అడిగెను. "వలదు. మీ గుర్తును కూడ వేయుడు" అంటిని. సూది తీసికొని 12-01 క్రింద 8-24 అని గీసెను.

ఇపుడది దినమునకు 20 సెకండ్లు వెనుకబడుచున్నది. అనగా 4,320 పాళ్ళలో ఒక పాలు. ఏబదియేండ్లు దాటిన యంత్రమునకు అది తప్పుకాదని ఆయన చెప్పెను. ఆదివారమున సరిచేయుచున్నాను. ప్రతి ఉదయము సంధ్యవార్చిన పిదప, చేతినుండి తీసి, చావి త్రిప్పి, బిగువు తగిలినచోట ఆపుచున్నాను. నాలుగేండ్లకు మరల తెమ్మన్నాడు.