కాగితం రాయకముందే అడగాలి

(ఆరాంఘర్‌లో జరిగిన రైతుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ ఆరాంఘర్ నుంచి పడమటి దిక్కు పోతే హిమాయత్‌సాగర్, దక్షిణం దిక్కు పోతే శంషాబాద్, విమానాశ్రయం. ఒక దిక్కు పట్నానికి నీళ్లిచ్చిన చెరువు, ఇంకో దిక్కు భూమి ధరను ఆకాశానికెత్తిన రన్‌వే. నడుమ నలిగేది 84 గ్రామాల రైతు. 111 జీవో ఉండాలా, పోవాలా అన్నదాని మీద మన సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. అందులో దాచుకునేదేం లేదు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ నిర్ణయం చేసేటప్పుడు మనల్ని అడిగిందెవరు?

1908 సెప్టెంబరులో మూసీ వరద పట్నాన్ని ముంచింది. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ చెరువుల్ని కాపాడటానికి 1996 మార్చి 8న ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది.

ఉద్దేశం మంచిదే. దానికి సుప్రీంకోర్టు కూడా బలమిచ్చింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ ఆముదం నూనె ఫ్యాక్టరీ పెడతానంటే ప్రభుత్వం దానికి మినహాయింపు ఇచ్చింది. హాని లేదని రుజువు చేయాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లేనని 1999లో కోర్టు అన్నది. ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో తేల్చేసింది.

మరి ఖర్చు ఎవరు మోశారు? పట్నం నీళ్లు తాగింది. కట్టుబాటు మన భూమి మీద పడింది. గీతకు ఇవతల ఎకరం ధర ఒకటి, అవతల ఇంకొకటి. బిడ్డ పెండ్లికో, ఆసుపత్రి బిల్లుకో ఎకరం అమ్మాల్సి వచ్చిన రైతుకు ఆ తేడా తెలుసు. ఈ భారానికి బదులు రైతుకు ఏమిస్తామన్నది ఆ జీవోలో లేదు. చెరువుకు కాపలాదారు కావలసిన రైతుకు చెరువే అడ్డంకిలా కనబడింది. ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

26 ఏళ్ల తర్వాత, 2022 ఏప్రిల్ 12న 69వ జీవో వచ్చింది. నీటి నాణ్యత చెడగొట్టకూడదంటూనే ఆంక్షలు ఎత్తేసింది. 111 జీవో వచ్చిననాడు పట్నం నీళ్లలో ఈ చెరువుల వాటా 27.59 శాతం, ఇప్పుడు 1.25 శాతం లోపే అన్నది కారణం. విధివిధానాలకు ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేశారు. అందులో అందరూ అధికారులే. 2023 మేలో 111 జీవోను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు మంత్రివర్గం ప్రకటించింది.

గమనించండి. జీవో వచ్చినప్పుడూ పట్నం దాహం లెక్కే, తీసేటప్పుడూ పట్నం దాహం లెక్కే. మన బోర్లు, కుంటలు, పశువులు తాగే నీళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. పట్నానికి వేరే నీళ్లు దొరికితే మన బోరుకు చెరువు అక్కర్లేకుండా పోతుందా?

వేరే దారి లేదా అంటే, ఉన్నది. అమెరికాలో న్యూయార్క్ నగరానికి తాగునీళ్లు క్యాట్‌స్కిల్ కొండల్లోని పాడిరైతుల ఊళ్ల నుంచి వస్తాయి. 1990లో నగరం వాళ్ల మీద కఠినమైన నిబంధనల ముసాయిదా పెట్టింది. రైతులు ఎదురుతిరిగారు. తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. 1993లో రైతులే నడిపే మండలి ఏర్పడింది. పేడ, ఎరువులు వాగులో కలవకుండా పొలం పొలానికీ ఒక ప్రణాళిక వేశారు. చేరడం రైతు ఇష్టం, ఖర్చు నగరానిది. 1997లో నగరం, రాష్ట్రం, ఊళ్లు ఒప్పందం రాసుకున్నాయి. వందల కోట్ల డాలర్ల శుద్ధి కర్మాగారం కట్టే అవసరం ఆ నగరానికి తప్పింది. రైతును అడగడం దండగ ఖర్చు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గరా చట్టాలున్నాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం, దాని కిందికి వచ్చే పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభను వీడియో తీయాలి. మనం లేవనెత్తిన అంశాలను చివర్లో తెలుగులో చదివి వినిపించాలి. కానీ ఒక సంగతి మరవొద్దు. ఇంతమంది ఉంటేనే సభ చెల్లుతుందన్న నిబంధన లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద కూడా అభ్యంతరాలు అడగాలని 2008 నాటి హెచ్‌ఎండీఏ చట్టం చెబుతోంది. గడువు దాటినాక మొత్తుకుంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

కాబట్టి ఊరూరా నాలుగు పనులు చేద్దాం.

మొదటిది, ఎవరెవరికి సంబంధం ఉందో జాబితా రాద్దాం. పట్టాదారులే కాదు. కౌలు రైతులు, కూలీలు, గొర్లకాపరులు, చేపలు పట్టేవాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు అందులో ఉండాలి. పాసుపుస్తకం లేకపోయినా నీళ్లు అందరికీ కావాలి.

రెండోది, ఏ ప్రతిపాదన వచ్చినా రెండు పేజీల్లో సులువైన తెలుగులో అడుగుదాం. దాన్ని పంచాయతీలో, మున్సిపాలిటీ వార్డులో అంటించాలి, చాటింపు వేయించాలి. చదువు రానివాళ్ల కోసం సభలో చదివి వినిపించాలి. సభ పెట్టేది నాట్ల రోజున, సంత రోజున కాకుండా చూడాలి.

మూడోది, నోటితో చెప్పింది గాలికి పోతుంది. కాబట్టి రాసివ్వాలి, రసీదు తీసుకోవాలి. బోరు లోతు, నీళ్లు పడ్డ తేదీ, పంట దిగుబడి మన దగ్గరే రాసిపెట్టుకోవాలి. అధికారి ముందు మన లెక్కే మన మాటకు బలం.

నాలుగోది, జవాబు రాబట్టాలి. మనం చెప్పినదాంట్లో ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నది లిఖితపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

రేపు చెరువుల గురించి ఏ కమిటీ వేసినా అందులో రైతు, కౌలు రైతు, ఆడమనిషి ఉండాలన్నది ఈ సభ డిమాండ్. జీవో కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ ఈ ఒక్క మాట మీద కలిసి నిలబడవచ్చు. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి బాధ్యులు తమ ఊరి జాబితాతో రావాలని కోరుతూ ముగిస్తున్నాం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!