ఉండాల్సింది, పోవాల్సింది

పట్టాలందుకున్న బిడ్డలకు, వెనక వరుసల్లో కళ్లు తుడుచుకుంటున్న తల్లిదండ్రులకు అభినందనలు. 1959 అక్టోబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన వరంగల్ ఎన్‌ఐటీ ప్రాంగణమిది. దీని ఘనత నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి నేరుగా నా సంగతికొస్తాను.

నేనిక్కడ చదువుకోలేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేస్తూ కంప్యూటర్ నేర్చుకున్నాను. రాత్రి షట్టర్ దించే ముందు దొరికిన గంటలో పత్రికలకు వ్యాసాలు కొట్టేవాణ్ణి. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన 'కంప్యూటర్ ఎరా' చదివి, ఈ విద్యను తెలుగులోనూ చెప్పొచ్చని ధైర్యం తెచ్చుకున్నవాణ్ణి. కొత్త ఫోన్ ఏది చేతికొచ్చినా ముందు ఒక తెలుగు వాక్యం పంపించి చూసేవాణ్ణి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే, అది ఎంత ఖరీదైన ఫోనైనా అదే రాసేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే పాత సీడీ ఒకటి బయటపడింది. నా మొదటి ఎనిమిదేళ్ల వ్యాసాలు అందులో ఉన్నాయి. ఆత్రంగా తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, చుక్కలు. ఆ రోజుల్లో మేం వాడిన 'అను' ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చునేవి. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే గందరగోళం. యూనికోడ్ పద్ధతి వేరు. మన 'క'కు ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా ఒకటే కోడ్, 0సీ15. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా మా డీటీపీ వాళ్లం ఏళ్ల తరబడి పాత దారి వదల్లేదు. ఆ చౌరస్తాకు దగ్గర్లోనే వేయిస్తంభాల గుడి. అక్కడి రుద్రదేవుడి శాసనం 1163 నాటిది, ఇవాళ్టికీ చదువుతున్నారు. నా రాతలు ఇరవై ఏళ్లకే చదవరాకుండా పోయాయి.

ఇదొక దిగులు. దీన్ని తిరగేస్తే ఇంకో దిగులుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

2020 చివర్లో ఒక సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. "ఫలానావాడు నీకేమవుతాడు?" అన్నాడు అవతలివాడు. మా మేనల్లుడు. ఏదో లోన్ యాప్‌లో అయిదు వేలు అప్పు తీసుకున్నాడు, వాయిదా దాటింది. వాడి ఫోన్‌లోని నంబర్లన్నీ వాళ్ల చేతికి పోయాయి. 'అమ్మ', 'బాపు', 'పెద్దక్క', 'మామ', 'కాలేజీ సార్'. ఎవరి ముందు వాడి పరువు తీయాలో వాళ్లు వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. వాడే ప్రేమగా వరసలు రాసి పెట్టుకున్నాడు. ఆ ఒక్క సాయంత్రమే మా అక్కకు పదకొండు ఫోన్లు. ఆమెది మీటల ఫోన్. ఆమె ఏ యాప్‌కూ ఒప్పుకోలేదు. ఆమె తరఫున ఆమె కొడుకు ఒప్పుకున్నాడు.

మావాడు బతికి బయటపడ్డాడు. ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను, కాల్ జాబితాను ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పటికే పోయినవాళ్లు పోయారు.

బిడ్డా, నీ మీద నాకు కోపం ఎక్కడొస్తుందంటే, "నా దగ్గర దాచేదేముంది సార్?" అంటావు చూడు, అక్కడ. ఇంట్లో దొంగసొత్తు ఉందనా రాత్రి తలుపు గడియ పెడుతున్నాం? పోనీ, నీది నీ ఇష్టం. మీ అమ్మ నంబరు మీ అమ్మది కదా! దాన్ని పంచిపెట్టే హక్కు నీకెవరిచ్చారు? ఇవాళ రాత్రి పడుకునే ముందు సెట్టింగ్స్ తెరువు. కాంటాక్టులు ఏ యాప్‌లు చూస్తున్నాయో ఒక్కొక్కటే చదువు. టార్చిలైట్ యాప్‌కు మీ చిన్నమ్మ నంబరుతో ఏం పని? తీసెయ్.

ఇది ముసలివాళ్ల చాదస్తం కాదు. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామి 80 దాటిన వయసులో, 2012లో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఇంకొంచెం ముందుకెళ్లింది. మన అనుమతి కోరే నోటీసును రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో మనం కోరుకున్నదాంట్లో చదువుకునే వీలుండాలంది. ఇచ్చిన అనుమతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలంది.

ఆ నోటీసు తెలుగులో రాసేది, అనుమతిని వెనక్కి తీసుకునే మీట పెట్టేది మీలో ఎవరో ఒకరు. మా అక్కకు అర్థమయ్యేలా రాయండి. రాస్తే చాలదు, తెలుగులో పరీక్షించి కూడా చూడండి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక తీరులో టైపయి సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న సరిదిద్దింది. కోట్ల మంది రోజూ రాసే అక్షరాన్ని విడుదలకు ముందు గట్టిగా పరీక్షించి ఉంటే ఆ తప్పు అక్కడే దొరికేదేమో. రేపు పరీక్షించే బల్ల దగ్గర కూర్చునేది మీరు. మీ అక్షరాలను వెంట తీసుకెళ్లండి.

వెన్న నాగార్జున అలా తీసుకెళ్లినవారే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికారు. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను తయారుచేశారు. నా సీడీలోని వ్యాసాలను ఇప్పుడు ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాను. ఆదివారాలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతున్నది ఆ మేనల్లుడే.

మీరేం తయారుచేసినా రెండు ప్రశ్నలడగండి. దాచుకున్నది ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా? చెరిపేసింది నిజంగా పోతుందా? ఇక వెళ్లి అమ్మానాన్నలతో ఫొటో దిగండి. ఆ ఫొటో మీ మనవలు తెరిచి చూడాలి. మీరు వద్దన్నవాళ్లు చూడకూడదు.